కుక్కకాటుకు చెప్పుదెబ్బ చాలదు

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన రేడియో ప్రసంగం)



కుక్కకాటుకు చెప్పుదెబ్బ అని మనకో సామెత ఉంది. ఎవరైనా మనల్ని నొప్పిస్తే అక్కడికక్కడే బుద్ధి చెప్పాలనే అర్థంలో వాడుతూ ఉంటాం. ఈ పూట నేను ఆ సామెతలోని కుక్కకాటు గురించే, ఉన్నదున్నట్టుగా, నాలుగు మాటలు చెప్పదలచుకున్నాను. పిచ్చికుక్క కరిచినప్పుడు మనుషులు వేల ఏళ్ళుగా ఏం చేస్తూ వచ్చారు, అందులో ఏది ఫలించింది, ఏది ఫలించలేదు అన్నదే విషయం.

వంటింట్లో ఉండేవాళ్ళకి ఈ చరిత్ర అంతా ఎందుకమ్మా అంటారేమో. ఎందుకో ముందు చెప్పేస్తాను. 1987లో నాకు ఎనిమిదేళ్ళు. మా ఊళ్ళో మా వీధిన ఒక ఎర్రకుక్క ఉండేది. అది ఎవరి కుక్కా కాదు, అందరి కుక్కా. పొద్దున్నే మా ఇంటి మెట్టు దగ్గర చద్దన్నం తినేది, మధ్యాహ్నం ఎదురింటివాళ్ళ అరుగు కింద పడుకునేది. రెండు రోజులు ఎక్కడికో పోయి, ఒకనాటి ఉదయం చొంగ కార్చుకుంటూ వచ్చి ముగ్గురిని కరిచింది. నన్ను పిక్క మీద, పాలు పోసే ముసలమ్మని మడమ దగ్గర, నాలుగిళ్ళ అవతలి పిల్లవాణ్ణి చేతిమీద. మా నాయనమ్మ గాయం మీద కారం అద్దబోతే మా నాన్న వారించి, సబ్బుతో కడిగి, బస్సెక్కించి పట్నం ఆసుపత్రికి తీసుకుపోయాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు రోజులు పద్నాలుగు ఇంజక్షన్లు. ముసలమ్మ కూడా మాతోనే వచ్చేది. ఆ పిల్లవాణ్ణి మాత్రం పక్క ఊళ్ళో పసరు పోసే ఆయన దగ్గరికి తీసుకువెళ్ళారు. పథ్యం చేయించారు. గాయం మానిపోయింది. నేను పొట్ట పట్టుకుని ఏడుస్తుంటే వాడు గోలీలాడుకునేవాడు. నెలన్నర గడిచాక ఒక సాయంత్రం వాడు మంచినీళ్ళు తాగలేకపోయాడు. వాళ్ళమ్మ నీళ్ళచెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉండటం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. మూడో రోజుకి పిల్లవాడు లేడు.

ఎర్రకుక్కని ఆ ఉదయమే కర్రలతో కొట్టి చంపేశారు. పిల్లవాడు పోయాక వీధిలో ఉన్న కుక్కలన్నింటినీ చంపారు. ఏడాది తిరిగేసరికి మళ్ళీ అన్ని కుక్కలూ వచ్చి చేరాయి. పెద్దదాన్నయ్యాక ఈ రోగం గురించి చదివినకొద్దీ నాకొకటే అనిపించేది. కరిపించుకున్న వాళ్ళకి ఏం చెయ్యాలా అని అందరూ ఆలోచించారు, కరిచినదాన్ని ఏం చెయ్యాలా అనీ ఆలోచించారు. కరవకముందు ఆ కుక్కకి ఏం చెయ్యాలో మాత్రం మా ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. అది మా ఊరి తప్పు మాత్రమే కాదనీ, లోకమంతా అలాగే నడిచిందనీ తరువాత తెలిసింది.

ఈ రోగం చాలా పాతది. ఇప్పటి ఇరాక్ దేశంలో ఎష్నున్నా అనే నగరం ఉండేది. దాదాపు నాలుగు వేల ఏళ్ళనాటి ఆ నగరపు శాసనాల్లోనే పిచ్చికుక్క ప్రసక్తి ఉంది. మీ కుక్కకి పిచ్చెక్కిందని అధికారులు హెచ్చరించిన తరువాత కూడా యజమాని దాన్ని కట్టెయ్యకపోతే, అది కరిచి మనిషి చనిపోతే, యజమాని 40 తులామానాల వెండి జరిమానా కట్టాలి. చచ్చినవాడు బానిస అయితే 15 చాలు. మనిషి ప్రాణానికి అలా ధర కట్టారు. కానీ కుక్కని అదుపులో పెట్టుకోవలసిన బాధ్యత మనిషిదేనని అప్పుడే గుర్తించారు చూడండి!

మన సుశ్రుతుడు తన సంహితలో కల్పస్థానమనే భాగంలో ఈ విషాన్ని వర్ణించాడు. తోక వేలాడేసి, దవడ జారిపోయి, చొంగ కార్చుకుంటూ, కన్నూ చెవీ సరిగా తెలియక తిరిగే జంతువు అని లక్షణాలు చెప్పాడు. కుక్క ఒక్కటే కాదు, నక్క, తోడేలు, ఎలుగు కూడా ఇలా అవుతాయన్నాడు. కరిపించుకున్న మనిషికి నీళ్ళని చూసినా, నీళ్ళ చప్పుడు విన్నా భయం పుడితే దానికి జలత్రాసమని పేరు పెట్టాడు. ఆ స్థితికి వచ్చినవాడు ఇక దక్కడని కూడా రాశాడు. ఇన్ని వందల ఏళ్ళ తరువాత, ఇన్ని యంత్రాలూ మందులూ వచ్చాక కూడా ఆ చివరి మాట దాదాపు అలాగే నిలిచి ఉంది. లక్షణాలు బయటపడ్డాక బతికినవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు.

ఎందుకలా అంటే, ఈ రోగపు క్రిమి, అంటే వైరస్, మిగతా జబ్బుల్లాగా రక్తంలో పడి తిరగదు. కుక్క చొంగలోంచి గాయంలోకి దిగి, అక్కడి నరాన్ని పట్టుకుని మెల్లిగా మెదడువైపు ప్రయాణం చేస్తుంది. కాలిమీద కరిస్తే దూరం ఎక్కువ, ముఖం మీద కరిస్తే దూరం తక్కువ. సాధారణంగా ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది, ఒక్కోసారి ఇంకా ముందే చేరుతుంది. మెదడు చేరాక అక్కడినుంచి లాలాజల గ్రంథుల్లోకి దిగుతుంది. కుక్కలో అయితే అది చొంగలోకి వచ్చి, అదే సమయంలో దాన్ని కరిచేటట్టు చేసి, ఇంకొక కుక్కలోకి చేరుతుంది. అదీ దాని బతుకుతెరువు. మనిషికి సోకడం దానికి దారి తప్పడమే. మనిషి ఇంకొకరిని కరవడు గనుక అక్కడితో దాని వంశం ఆగిపోతుంది. అంచేత ఈ రోగం కుక్కలది. కుక్కల్లో ఆపితే మనుషుల్లో దానంతటదే ఆగుతుంది.

అది చొంగలో ఉందని మొదట రుజువు చేసినది జర్మనీ దేశపు జింకే అనే వైద్యుడు. 1804లో పిచ్చికుక్క చొంగని ఒక మంచి కుక్క గాయానికి పూసి, దానికి రోగం రావడం చూపించాడు. అంతవరకు ఎండవల్లనో, దాహం వల్లనో కుక్కకి పిచ్చెక్కుతుందని చాలామంది నమ్మేవారు. మనలోనూ వేసవికాలంలోనే కుక్కలకి పిచ్చెక్కుతుందని అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కాలంతో పని లేదు, ఏ నెలలోనైనా రావచ్చు.

తరువాత వచ్చినవాడు లూయీ పాశ్చర్. 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి వాళ్ళమ్మ అల్సేస్ ప్రాంతం నుంచి పారిస్‌కి తీసుకువచ్చిన కథ మీరు బడి పుస్తకాల్లో చదివే ఉంటారు. రోగం వచ్చిన కుందేటి వెన్నుపాముని గాలిలో ఎండబెట్టి, దాని శక్తి తగ్గించి, ముందు నీరసమైనది, రోజురోజుకీ బలమైనది ఇస్తూ మొత్తం 13 సూదులు వేయించాడు. పిల్లవాడు బతికాడు. ఆ మరుసటి ఏడు రష్యాలో తోడేలు కరిచిన 19 మంది రైతులు పారిస్‌కి వస్తే 16 మంది బతికి ఇళ్ళకి వెళ్ళారు.

అయితే పుస్తకాల్లో అంతగా చెప్పని ముక్క ఒకటుంది. పాశ్చర్ మొదట టీకా వేసినది మనుషులకి కాదు, కుక్కలకి. మైస్టర్ రాకముందే ఎన్నో కుక్కలని రోగం తగలకుండా చెయ్యగలిగాడు. మరైతే దేశంలో ఉన్న కుక్కలన్నింటికీ వేసేస్తే సరిపోదా అనే ప్రశ్న అప్పుడే వచ్చింది. లెక్క వేశారు. పారిస్‌లోనే లక్ష కుక్కలు, మిగతా ఫ్రాన్సులో 25 లక్షలు. ఒక్కొక్క కుక్కకి ఎన్నోసార్లు సూది వెయ్యాలి, అన్నిరోజులూ దాన్ని కట్టి ఉంచాలి. అన్ని కుందేళ్ళు ఎక్కడినుంచి తేవాలి, అంతమంది పనివాళ్ళని ఎక్కడినుంచి తేవాలి? అయ్యేపని కాదనిపించింది. కరిచాక రోగం పైకి రావడానికి వారాలు పడుతుంది గనుక, ఆ వ్యవధిలో కరిపించుకున్నవాళ్ళకే టీకా ఇద్దామనుకున్నారు. అదప్పటికి సరైన నిర్ణయమే. కానీ అప్పటినుంచి లోకం చూపంతా కాటుపడ్డ మనిషి మీదకే మళ్ళింది, కుక్క వెనకబడిపోయింది.

మనదేశానికి ఈ వైద్యం 1900లో వచ్చింది. సిమ్లా దగ్గర కసౌలి అనే కొండమీద డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు ఆధ్వర్యంలో పాశ్చర్ సంస్థ వెలిసింది. దక్షిణాదిన ఎవరిని కుక్క కరిచినా అక్కడిదాకా పోవాలి. 1902లో కూనూరులో ఒక యువతి ఈ రోగంతో చనిపోయింది. దగ్గరలో టీకా లేకపోవడం వల్ల జరిగిన ఆ మరణం అప్పట్లో అందరినీ కదిలించింది. హెన్రీ ఫిప్స్ అనే అమెరికా దాత వైస్రాయి కర్జనుకిచ్చిన విరాళంలో కొంత వెచ్చించి 1907లో కూనూరులోనే దక్షిణ భారత పాశ్చర్ సంస్థని తెరిచారు. మన కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు మద్రాసు రాష్ట్రంలోవే కదా. అంచేత మనవాళ్ళకి అదే దిక్కయింది. విశాఖపట్నం నుంచి మద్రాసుకి ఒక రైలు, అక్కడినుంచి మేట్టుపాళయానికి ఒక రైలు, అక్కడ పళ్ళచక్రాల బుల్లిరైలెక్కి నీలగిరి కొండమీదికి. ఉన్నవూరు దాటి ఎరగని తల్లి కరిపించుకున్న పిల్లని ఒళ్ళో పెట్టుకుని, భాష తెలియని చోటికి, చలికొండకి వెళ్ళి, రోజులతరబడి ఉండి రావాలి. వెళ్ళగలిగినవాళ్ళు అదృష్టవంతులు. తక్కినవాళ్ళకి పసరూ మంత్రమూ మిగిలాయి. ఆ రోజుల్లో నాటువైద్యుల్ని ఆశ్రయించినవాళ్ళని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

1911లో సెంపుల్ మరొక విధానం కనిపెట్టాడు. గొర్రె మెదడులో ఆ క్రిమిని పెంచి, ఆ మెదడుని నూరి, కార్బాలిక్ ఆమ్లంతో క్రిమిని చంపి టీకా తయారుచేశాడు. ఇది తయారుచెయ్యడం తేలిక, ఖర్చు తక్కువ, దూరప్రాంతాలకి పంపవచ్చు. దానితో కొండ ఎక్కనక్కరలేకుండా ఊళ్ళ ఆసుపత్రుల్లోకే మందు వచ్చింది. మన హైదరాబాదు నారాయణగూడలో ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థలో కూడా ఈ టీకా తయారయ్యేది. నా పొట్టమీద పొడిచినవి ఈ జాతివే. లక్షల ప్రాణాలు కాపాడిన మందు అది. దాంట్లో లోపం కూడా ఉంది. గొర్రె మెదడు కణజాలం ఒంటికి పడక కొద్దిమందికి పక్షవాతం వచ్చేది, కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. పైగా ఆ పద్నాలుగు సూదుల భయం జనంలో ఎంత పాకిందంటే, పిల్లలు కుక్క కరిచినా ఇంట్లో చెప్పకుండా దాచేవారు. ఆ దాచడం వల్ల పోయిన ప్రాణాలని ఎవరు లెక్కపెట్టారు?

ఇక్కడ ఒక్కమాట గట్టిగా చెప్పాలి. ఆ బొడ్డు ఇంజక్షన్ల కాలం పోయింది. కణాల్లో పెంచిన శుద్ధమైన టీకాలు 1970ల నుంచి వచ్చాయి. 1976లో ఇరాన్‌లో పిచ్చికుక్కలూ తోడేళ్ళూ కరిచిన 45 మందికి అలాంటి టీకా ఇస్తే 45 మందీ బతికినట్టు ప్రకటించారు. మనదేశంలో గొర్రె మెదడు టీకా తయారీ 2004తో ఆగిపోయింది. 2006 నుంచి చర్మంలోకి కొంచెం కొంచెంగా ఇచ్చే పద్ధతికి కూడా అనుమతి వచ్చింది. ఇప్పుడు సూది చేతికే వేస్తారు, నాలుగైదు సార్లతో సరి. మీ పిల్లలకి ఈ సంగతి ఇవాళే చెప్పండి. కుక్క గీరినా, కరిచినా అమ్మ తిట్టదు, పొట్టమీద పొడవరు అని వాళ్ళకి తెలియాలి.

ఇంతవరకు మనిషి కథ. ఇక కుక్కల కథకి వద్దాం. మనిషికి టీకా దొరికింది గాని కుక్కకి దొరికింది చెప్పుదెబ్బే. మద్రాసు నగరంలో వీధికుక్కలని పట్టి చంపే పద్ధతి 1860లోనే మొదలైందని బ్లూక్రాస్ సంస్థవారు రాశారు. నూట ముప్ఫై ఏళ్ళ తరువాత, 1990ల్లో, రోజుకి 135 కుక్కల దాకా చంపినా వీధుల్లో కుక్కలూ తగ్గలేదు, రేబిస్ చావులూ తగ్గలేదు. మన పట్టణాల్లో కుక్కల బండి వస్తోందంటే పిల్లలం వీధుల్లోకి పరుగెత్తేవాళ్ళం. ఇనప పటకారుతో మెడ పట్టి లాగడం, విషపు ఉండలు వెయ్యడం చూసిన కళ్ళు మనలో చాలామందికి ఉన్నాయి.

1926లో ఈ సమస్య గాంధీగారి దాకా వెళ్ళింది. అహ్మదాబాదులో మిల్లు యజమాని అంబాలాల్ సారాభాయి తన మిల్లు ఆవరణలో తిరిగే 60 కుక్కలని, పిచ్చెక్కే ప్రమాదం ఉందని, చంపించారు. ఊరంతా గగ్గోలు పెట్టింది. ఆయన గాంధీగారినే అడిగారు. ఇంకేం చెయ్యగలరు అన్నట్టుగా గాంధీగారు ఆయన పక్షం వహించేసరికి అహింసావాది ఇలా అంటాడా అని ఉత్తరాలు వెల్లువెత్తాయి. యంగ్ ఇండియా పత్రికలో వరసగా జవాబులు రాశారు. పిచ్చికుక్కలని ఊరిమీద వదలడం కూడా హింసేననీ, దిక్కులేని కుక్కకి ముద్ద వేసి అది దయ అనుకోవడం సరికాదనీ, కుక్కకి యజమాని ఉండాలనీ, దిక్కులేని కుక్కలు తిరగడం సమాజపు అజ్ఞానానికీ సోమరితనానికీ గుర్తనీ ఆయన వాదం. చంపాలా, వదలాలా? ఆ వాదోపవాదాలన్నీ ఈ రెంటి మధ్యనే నడిచాయి.

విచిత్రమేమిటంటే, అప్పటికి అయిదేళ్ళ ముందే, 1921లో, జపానులో ఉమెనో, దోయి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మూడో దారి చూపించి ఉన్నారు. కుక్కకి ఒక్క సూదితో రక్షణ ఇచ్చే టీకా వాళ్ళు తయారుచేశారు. వేలకొద్దీ కుక్కలకి వేశారు కూడా. పాశ్చర్ నాటి అడ్డంకి, అంటే ఒక్కొక్క కుక్కకి అన్నేసి సూదులు వెయ్యవలసిరావడం, దానితో తొలగిపోయింది. చంపనక్కరలేదు, రోగంతో వదలనూ అక్కరలేదు. ఆ కబురు అహ్మదాబాదు వాదనల్లోకి రాలేదు. మా ఊరికైతే అరవయ్యారేళ్ళ తరువాత కూడా రాలేదు.

జపాను 1950లో రేబిస్ నివారణ చట్టం చేసింది. ప్రతి కుక్కనీ నమోదు చెయ్యాలి, టీకా వేయించాలి, యజమాని లేని కుక్కలని పట్టుకోవాలి. ఏడేళ్ళలో, 1957 నాటికి, ఆ దేశంలో రేబిస్ లేదు. బ్రిటన్ మాత్రం కుక్కల టీకా లేకుండానే 1902లో దీన్ని వదిలించుకుంది. కుక్కల మూతికి బుట్ట కట్టించడం, దిక్కులేని వాటిని పట్టడం, బయటినుంచి వచ్చే కుక్కని నెలలకొద్దీ విడిగా ఉంచడం వాళ్ళ మార్గం. మొదటి యుద్ధం తరువాత 1918లో బయటినుంచి దొంగతనంగా తెచ్చిన కుక్కలతో రోగం మళ్ళీ వచ్చింది, 1922కి మళ్ళీ పోయింది. చుట్టూ సముద్రం, ప్రతి కుక్కకీ ఒక యజమాని ఉంటే అది సాగింది. మన ఎర్రకుక్క మూతికి బుట్ట ఎవరు కడతారు చెప్పండి.

సరే, చంపితే ఎందుకు పోదు? ఈ ప్రశ్నకి ఇండోనేసియా దేశం రెండుసార్లు జవాబు చెప్పింది. అక్కడి ఫ్లోరెస్ దీవిలో రేబిస్ ఉండేది కాదు. 1997లో పడవమీద వచ్చిన కుక్కలతో అది దిగింది. అధికారులు దీవిలోని కుక్కల్లో సుమారు సగాన్ని చంపించారు. రోగం పోలేదు. 2008లో బాలీ దీవికి వచ్చింది. అక్కడా ముందు విషం పెట్టారు. టీకా వేసిన కుక్కలు కూడా ఆ చంపుడులో పోయాయి. 2010 నుంచి దీవి అంతటా కుక్కలకి టీకా వేశాకనే మనుషుల చావులు తగ్గుముఖం పట్టాయి.

దీని కీలకం మన ఇంటి లెక్కలాంటిదే. పిచ్చెక్కిన కుక్క చచ్చేలోపు సగటున ఒకటి, రెండు కుక్కలకి మించి అంటించదు. అంటే ఈ రోగం కుక్కల్లో మరీ జోరుగా పాకేది కాదు, సన్నని దారంలా సాగుతుంది. ఊళ్ళో నూటికి 70 కుక్కలకి టీకా ఉంటే ఆ దారం తెగిపోతుంది. చంపడం మొదలుపెడితే ఏమవుతుందంటే, చేతికి చిక్కేది ఎప్పుడూ మచ్చికైన కుక్కే, టీకా వేయించుకున్నదే. అది ఖాళీ చేసిన వీధిలో చెత్తకుప్ప అలాగే ఉంటుంది గనుక పక్కవీధి కుక్క వచ్చి చేరుతుంది. చంపుతారని భయపడి జనం తమ కుక్కని పక్క ఊరికి తరలిస్తారు, రోగం కూడా దానితో ప్రయాణం కడుతుంది.

వీధికుక్కల ఆయుర్దాయం చాలా తక్కువ. ఈతకి ఆరేడు పిల్లలు పుడితే చాలామటుకు మన కళ్ళముందే పోతాయి. బండి కిందపడి కొన్ని, ఆకలితో కొన్ని. డిస్టెంపర్ అనే జబ్బుతో కొన్ని కళ్ళు పుసులు కట్టి, ఒళ్ళు ఎగరేసుకుంటూ పోతాయి. దాన్నే చాలాసార్లు పిచ్చి అని పొరబడి కొడతారు. రక్తవిరేచనాలు చేసే పార్వో జబ్బు 1978లో మొదటిసారి బయటపడి, కొద్దికాలంలోనే ప్రపంచమంతా పాకింది. ఈ రెండూ మనకి అంటవు, కుక్కపిల్లలని మాత్రం ఊడ్చేస్తాయి. పాతవి పోతూ కొత్తవి పుడుతూ ఉంటాయి గనుక, నిరుడు 70కి వేశాం కదా అని ఊరుకుంటే ఈ ఏడు అందులో ఎన్నో మిగలవు. అంచేత ఏటేటా వెయ్యాలి, దానితోపాటు పిల్లలు పుట్టకుండా ఆపరేషనూ చెయ్యాలి.

ఇది పెద్ద దేశాలకే సాధ్యం అనుకోకండి. దక్షిణ అమెరికా, మధ్య అమెరికా దేశాలు 1983లో కలిసి కట్టుగా మొదలుపెట్టాయి. అప్పుడు ఏడాదికి దాదాపు 300 మంది చనిపోయేవారు. ఇప్పుడు కొద్దిమందికి దిగింది. మనలాగే వీధినిండా కుక్కలున్న మెక్సికో, కుక్కల ద్వారా వచ్చే రేబిస్ చావులు లేని దేశమని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేత మొట్టమొదట అనిపించుకుంది. మన దేశంలో, మద్రాసు కార్పొరేషను 1996లో చంపడం మాని ఆపరేషను, టీకా పద్ధతికి మారింది. 2001లో దేశానికంతటికీ ఆ నియమాలు వచ్చాయి, 2023లో వాటిని కొత్తగా రాశారు. గోవా రాష్ట్రం ఇంకా ముందుకి పోయింది. వలలు పట్టుకుని ఊరూరా వీధివీధీ తిరిగి కుక్కలకి టీకా వేశారు, బళ్ళలో పిల్లలకి పాఠాలు చెప్పారు. కుక్కల్లో నెలనెలా కనిపించే కేసులు 92 శాతం తగ్గాయి. 2017 తరువాత కొన్నేళ్ళపాటు అక్కడ ఒక్క మనిషీ ఈ రోగంతో పోలేదు.

2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ముందు ఢిల్లీ కుక్కల సంగతి వచ్చినప్పుడు మళ్ళీ పాత కథే చూశాం. ముందు అన్నింటినీ వీధుల్లోంచి తీసేయమన్నారు. పదిరోజులు తిరగ్గానే, టీకా, ఆపరేషను చేసి ఎక్కడివక్కడ వదలమని, పిచ్చివీ, మీదపడేవీ మాత్రం వదలవద్దని మార్చారు. ఈ మధ్యలో దేశమంతా రెండు జట్లయింది. కుక్కలంటే పడనివాళ్ళు, కుక్కల ప్రేమికులు అని. కరిపించుకున్న పిల్ల తల్లి కోపం నాకు అర్థమవుతుంది, ఆ కోపంలో న్యాయం ఉంది. రాత్రిపూట పనినుంచి నడిచివచ్చే ఆడపిల్ల భయమూ నిజమే. అయినా 1926లో లేని జవాబు ఇప్పుడు మన చేతిలో ఉండగా, ఇంకా ఆ రెండు గట్లమీదే నిలబడి కేకలేసుకోవడం వల్ల నష్టపోయేది పేదింటి పిల్లలే. కాటుపడి చనిపోయేవాళ్ళలో చాలామంది పదిహేనేళ్ళలోపు పిల్లలు.

మన ఇళ్ళల్లో చెయ్యవలసిన పని కొంచెమే. కుక్క కరిచినా, గోరుతో గీరి చర్మం లేచినా, పుండుమీద నాకినా వెంటనే పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. గడియారం చూసి మరీ కడగండి. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి ఏదీ వద్దు. కట్టు కట్టవద్దు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. రక్తం వచ్చిన గాయమైతే టీకా ఒక్కటే చాలదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే మందు కూడా వెయ్యాలి. టీకా పనిచెయ్యడానికి పట్టే రోజుల్లో కాపలా కాసేది అదే. డాక్టరుగారిని అడిగి వేయించుకోండి. తరువాతి తేదీలు క్యాలెండరుమీద పాలవాడి లెక్క పక్కనే రాసుకోండి. మధ్యలో మానవద్దు. హైదరాబాదులో నారాయణగూడ, నల్లకుంట ఆసుపత్రులు ఈ వైద్యానికి ఎప్పటినుంచో పేరుపడ్డవి. నల్లకుంటదాన్ని కోరంటి ఆసుపత్రి అంటారు. క్వారంటైన్ అనే మాటే జనం నోట కోరంటి అయింది.

ఇక కుక్క సంగతి. మీ గుమ్మంలో ముద్ద తినే కుక్క ఉంటే ఆ ముద్దతోపాటు ఏడాదికొక సూది కూడా మీ బాధ్యతే అనుకోండి. మచ్చికైనది గనుక పట్టుకోవడం మీవల్లే అవుతుంది, మునిసిపాలిటీవాళ్ళ వల్ల కాదు. చెవి కొన కొంచెం కత్తిరించి ఉన్న కుక్క కనిపిస్తే దానికి ఆపరేషను అయిందని గుర్తు, దాన్ని తరమకండి. ఏటా జూలై 6న మన పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తుంటారు. ఆ తేదీ ఎక్కడిదో ఇప్పుడు మీకు తెలుసు. ఆ తల్లి పిల్లవాణ్ణి పాశ్చర్ దగ్గరికి తీసుకువచ్చిన రోజది.

మా వీధిలో ఇప్పుడు నాలుగు కుక్కలున్నాయి. పోయిన జూలైలో నేనూ మా పక్కింటావిడా గోనెసంచీ, రెండు పెరుగన్నం పొట్లాలూ పట్టుకుని వాటిని ఆటోలో తీసుకెళ్ళాం. ఆటో అబ్బాయి ముందు గొణిగినా తరువాత తనే తాడు పట్టుకున్నాడు. మూడింటికి వేయించగలిగాం. నాలుగోది గోడదూకి పారిపోయింది. నూటికి 75 అన్నమాట, లెక్క ప్రకారం సరిపోయినట్టే. అయినా ఈ ఏడాది దాన్నీ వదిలేది లేదు.